రన్‌వే మీది ఎర్ర దీపం

విమానయాన చరిత్రలో అన్నిటికంటే ఘోరమైన ఢీ గాలిలో జరగలేదు, నేలమీద జరిగింది. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరీఫ్‌లో, లాస్ రోడియోస్ విమానాశ్రయాన్ని పొగమంచు కమ్మేసిన వేళ, రెండు బోయింగ్ 747లు ఒకే రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. కేఎల్ఎం విమానం టేకాఫ్‌కు పరుగు తీస్తోంది. పాన్ ఆమ్ విమానం అదే రన్‌వే మీద నెమ్మదిగా ట్యాక్సీ చేస్తోంది. టవర్‌లో నేలను చూపించే రాడార్ లేదు. ఆగమని టవర్ చెప్పిన మాట, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ ఆమ్ చెప్పిన మాట ఒకే క్షణంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద వెళ్లాయి. రెండూ కలిసిపోయి కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దంగా మిగిలాయి. టవర్ దగ్గర రాడార్ ఉండాల్సిందని ఆ తరువాత చాలామంది అన్నారు. అది నిజమే. అయితే ఆ ప్రమాదంలో అంతకంటే ముఖ్యమైన పాఠం ఇంకొకటి ఉంది. అవసరమైన కబురు పుట్టింది, బయల్దేరింది, వినవలసిన మనిషికి మాత్రం అందలేదు.

నేలమీద విమానాలను చూసే రాడార్ అప్పటికే కొత్త వస్తువు కాదు. 1950ల దశకంలోనే లండన్ హీత్రూలో అలాంటిది పనిచేసింది. ఆకాశాన్ని చూసే మామూలు రాడార్‌కు విమానం ఒక చుక్కగా కనిపిస్తే చాలు. నేలమీద అది చాలదు. ఆ చుక్క రన్‌వే గీతకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నది తేలాలి. అందుకని చాలా చిన్న తరంగాలు వాడారు. అమెరికాలో తరువాత వచ్చిన ఏఎస్‌డీఈ-3 రాడార్ తరంగం రెండు సెంటీమీటర్ల లోపే, దాని యాంటెన్నా సెకనుకు ఒక చుట్టు తిరుగుతుంది. తరంగం చిన్నదైన కొద్దీ బొమ్మ తేటపడుతుంది, కానీ వాన చినుకులు కూడా దాన్ని చెదరగొట్టి, లేని వస్తువులను చూపిస్తాయి. 1991 ఫిబ్రవరి 1 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న విమానాన్ని కంట్రోలర్ రన్‌వే మీద నిలిపి, ఆ సంగతి మరచి, అదే రన్‌వే మీదికి ఒక బోయింగ్ 737ను దిగమన్నారు. చిన్న విమానంలో ఉన్న 12 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఆ రోజు అక్కడి నేల రాడార్ పనిచేయడం లేదు. 2001 అక్టోబర్ 8న మిలాన్‌లోని లినాటేలో పొగమంచులో దారి తప్పిన చిన్న జెట్, టేకాఫ్ తీసుకుంటున్న ఎస్ఏఎస్ విమానానికి అడ్డుపడి 118 మంది పోయినప్పుడూ అంతే: పాత రాడార్ అప్పటికే తీసేశారు, కొత్తది ఇంకా పని మొదలుపెట్టలేదు.

ఇలాంటివి చూసి ఇంజనీర్లు తమ దృష్టినంతా చూపును మెరుగుపరచడం మీదే పెట్టారు. 2003లో మిల్వాకీలో మొదలై అమెరికాలోని 35 పెద్ద విమానాశ్రయాలకు చేరిన ఏఎస్‌డీఈ-ఎక్స్ ఆ శ్రమకు మంచి ఫలం. అది రాడార్ ఒక్కదాన్నే నమ్ముకోదు. గుడిగంట ఒకసారి మోగితే ఊళ్లో నాలుగు చోట్ల నాలుగు వేర్వేరు క్షణాల్లో వినిపిస్తుంది. ఆ తేడాలను కచ్చితంగా కొలవగలిగితే గంట ఎక్కడుందో లెక్కగట్టవచ్చు. విమానంలోని ట్రాన్స్‌పాండర్ పంపే సంకేతాన్ని విమానాశ్రయం చుట్టూ పెట్టిన రిసీవర్లు అలాగే పట్టుకుని దాని స్థానాన్ని తేలుస్తాయి. వాన ఈ లెక్కను చెరపలేదు. రెండు విమానాలు ఢీకొనే దారిలో ఉంటే టవర్‌లో అలారం మోగుతుంది. ఇంత గొప్ప యంత్రాన్ని తయారుచేసి, దాని హెచ్చరికను మాత్రం టవర్ దగ్గరే ఆపేయడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

2024 జనవరి 2న టోక్యోలోని హనెడాలో జరిగింది ఇందుకు రుజువు. కోస్ట్ గార్డ్ విమానం ఒకటి అనుమతి వచ్చిందని పొరబడి రన్‌వే మీదికి వచ్చి దాదాపు 40 సెకన్లు ఆగింది. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దాన్ని ఢీకొట్టింది. ఏ350లోని 379 మందీ బయటపడ్డారు, కోస్ట్ గార్డ్ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. అక్కడ యంత్రం ఓడిపోలేదు. టవర్ తెర మీద రన్‌వే రంగు మారింది, విమానం గుర్తు ఎర్రబడింది. కంట్రోలర్ ఆ తెరను గమనించలేదు. ఆయన చూపు అప్పుడు ఇంకో పని మీద ఉంది, టవర్‌లో పనులకు కొదవ ఉండదు. దిగే విమానం గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో, సెకనుకు 70 మీటర్లకు పైగా వస్తుంది. కంట్రోలర్ తెర చూడాలి, అర్థం చేసుకోవాలి, మైకు నొక్కాలి, చెప్పాలి, పైలట్ వినాలి, ఇంజన్లు మళ్లీ శక్తి అందుకోవాలి. ఈ గొలుసుకు పది సెకన్లు పడితే విమానం 700 మీటర్లు దాటేస్తుంది.

ఈ సంగతి ఎవరికీ తెలియక కాదు. హెచ్చరిక నేరుగా పైలట్లకే అందే వ్యవస్థ పెట్టాలని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2000లోనే కోరింది. దానికి ఒక జవాబు ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో తయారైంది. రన్‌వేలోకి వెళ్లే దారిలో, టేకాఫ్ మొదలయ్యే చోట, నేలలోనే ఎర్ర దీపాలు పొదిగారు. రాడార్ లెక్క ప్రకారం రన్‌వే ప్రమాదకరంగా ఉంటే అవి వాటంతటవే వెలుగుతాయి. కంట్రోలర్ మీట నొక్కాల్సిన పని లేదు. 2005లో డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో పరీక్ష మొదలై, తరువాత అమెరికాలోని 20 విమానాశ్రయాలకు ఇవి చేరాయి.

పైలట్‌కే నేరుగా చెప్పే ఈ పద్ధతికి ఉన్న అభ్యంతరాలు తేలికైనవి కావు. టవర్ అలారమే చాలనేవారు న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయాన్ని చూపిస్తారు. 2023 జనవరి 13న ఒక బోయింగ్ 777 అనుమతి లేకుండా రన్‌వే దాటింది, అలారం మోగింది, కంట్రోలర్ డెల్టా విమానాన్ని ఆపేశారు. అందరూ క్షేమం. కానీ డెల్టా అప్పటికి ఇంకా ఆగగలిగిన వేగంలోనే ఉంది, కంట్రోలర్ సమయానికి స్పందించారు. ఆ రెండూ కలిసిరావడం అదృష్టం, దాన్ని వ్యవస్థ అనలేం. లేని ప్రమాదానికి దీపం వెలిగితే వేగంలో ఉన్న పైలట్ బ్రేకులు వేస్తాడన్నది రెండో భయం. అది న్యాయమైన భయమే. వానలో తడబడే పాత రాడార్‌తో ఈ దీపాలు పెట్టి ఉంటే అలాగే అయ్యేది. పలు దారుల్లో స్థానం తేల్చే లెక్క వచ్చాకే అవి సాధ్యమయ్యాయి. పైగా దీపం ఆరి ఉండటం అనుమతి కాదని నియమం పెట్టారు. దీపం పనిచేయకపోయినా టవర్ అనుమతి కావాల్సిందే.

అన్నిటికంటే బరువైన ప్రశ్న మూడోది. టవర్ వెళ్లమని, దీపం ఆగమని చెబితే ఎవరి మాట వినాలి? ఈ ప్రశ్నకు ఆకాశంలో చాలా ఖరీదైన జవాబు దొరికింది. 2002 జూలై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ పైన, పైకి వెళ్లమని ఒక రష్యన్ విమానంలోని టీకాస్ అనే ఢీ నివారణ యంత్రం చెబుతుంటే, కిందికి రమ్మని కంట్రోలర్ చెప్పారు. సిబ్బంది కంట్రోలర్ మాట విన్నారు. రెండు విమానాలు ఢీకొని 71 మంది చనిపోయారు. టీకాస్ మాటే పైమాట అని ఆ తరువాత ప్రపంచమంతటా స్పష్టం చేశారు. ఎర్ర దీపానికీ అదే నియమం ఉంది. టవర్ వెళ్లమన్నా పైలట్ ఆగి, దీపం వెలిగి ఉందని టవర్‌కు చెప్పాలి.

ఖర్చు మాట నిజం. ప్రతి ఊరి రన్‌వేనూ తవ్వి దీపాలు పొదగలేం. 2023 ఫిబ్రవరి 4న టెక్సస్‌లోని ఆస్టిన్‌లో పొగమంచులో ఫెడెక్స్ విమానం దిగుతుంటే, అదే రన్‌వే మీద సౌత్‌వెస్ట్ విమానం టేకాఫ్‌కు వచ్చింది. ఆ విమానాశ్రయంలో అప్పటికి నేలను చూసే యంత్రమే లేదు. ఫెడెక్స్ కో-పైలట్ మంచులో ఎదుటి విమానం ఆకారాన్ని పోల్చుకుని పైకి లేపమనడం వల్ల గండం గడిచింది. ఇలాంటి చోట్లకు తగినది కాక్‌పిట్‌లోనే పలికే హెచ్చరిక. విమానాలు ఏడీఎస్-బీ ద్వారా తమ స్థానాన్ని ప్రసారం చేస్తాయి, దాన్ని పక్క విమానం అందుకుని తన పైలట్‌కు చెప్పగలదు. అయితే ప్రసారం చేయని విమానం ఇందులో కనిపించదు. హనెడాలోని కోస్ట్ గార్డ్ విమానం అలాంటిదే. కాబట్టి రన్‌వే మీదికి వచ్చే ప్రతి విమానానికీ, ప్రతి వాహనానికీ ఈ ప్రసారాన్ని తప్పనిసరి చేయాలి. పెద్ద విమానాశ్రయాల్లో దీపాలు, చిన్నవాటిలో కాక్‌పిట్ హెచ్చరిక, ఈ రెండూ కావాలి.

ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే హనెడాలో ఒక మార్పు చేశారు. టవర్‌లోని ఆ హెచ్చరిక తెరను ఎప్పుడూ చూస్తూ ఉండటానికి ఒక కంట్రోలర్‌ను ప్రత్యేకంగా కూర్చోబెట్టారు. అది తక్షణం చేయగలిగిన పని, చేయవలసిన పని. పైలట్‌కు మాత్రం ఆ తెర ఇప్పటికీ కనిపించదు.