రొమ్ము సవరణలో సంచి పరిమాణం

మదనపల్లె టమాటా మార్కెట్టులో ఒకే వెడల్పు గల రెండు కాయలు ఏరి, అడ్డంగా కోసి, ఒక్కొక్క సగాన్ని బల్లమీద బోర్లించి చూడండి. ఒకటి చదునుగాను, మరొకటి ఎత్తుగాను ఉండవచ్చు. పీఠం ఒకటే, ఘనపరిమాణాలు వేరు. క్యాన్సరువల్ల ఒక రొమ్మును కోల్పోయిన స్త్రీకి, లేదా పుట్టుకతోనే ఒకవైపు రొమ్ము ఎదగని యువతికి సిలికోన్ సంచి అమర్చేటప్పుడు శస్త్రవైద్యునికి ఎదురయ్యే చిక్కు ఇదే. ఇట్టి సంచిని మొదట అమర్చినవారు 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే వైద్యులు.

సంచుల పరిమాణాన్ని ఘన సెంటీమీటర్లలో చెబుతారు. చాలామంది మొదట ఆ అంకెనే అడుగుతారు. వైద్యుడు మాత్రం ముందుగా ఛాతీమీద రొమ్ము పీఠపు వెడల్పును కొలుస్తాడు. సంచి అంతకంటె వెడల్పయితే చంకవైపుకో, రెండవ రొమ్మువైపుకో జరిగి వికారంగా కనిపిస్తుంది. తరువాత చర్మాన్ని వేళ్ళతో పట్టి, దాని మందమూ సాగే గుణమూ చూస్తాడు. పైపొర పలుచనైతే సంచి అంచులు బయటికి తెలుస్తాయి.

సంచిని గోళఖండంగా భావిస్తే లెక్క సులభం. పీఠపు వ్యాసార్ధం వర్గాన్ని మూడు రెట్లు చేసి, ఎత్తు వర్గాన్ని కలిపి, ఆ మొత్తాన్ని ఎత్తుతోను, పై విలువతోను గుణించి, 6తో భాగించాలి. పీఠం 12 సెంటీమీటర్లు, ఎత్తు 4 అయితే సుమారు 260 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఎత్తు 5 అయితే 348! వెడల్పు మారకుండానే దాదాపు 90 పెరిగింది. విద్యార్థులు స్వయంగా వేసి చూడవచ్చు.

క్యాన్సరు రోగి విషయంలో తొలగించిన కణజాలాన్ని తూస్తారు. దాని సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉండటంవల్ల 300 గ్రాములంటే ఇంచుమించు 300 ఘన సెంటీమీటర్లే. కాని చర్మం కూడా కొంత పోయి ఉంటే, అంత సంచి అక్కడ పట్టదు. అప్పుడు ఖాళీ సంచినొకదాన్ని లోపల ఉంచి, కొన్ని వారాలపాటు సూదితో ఉప్పునీరు కొద్దికొద్దిగా ఎక్కించి చర్మాన్ని సాగదీస్తారు. రేడియేషన్ చికిత్స పొందిన చర్మం అంత తేలికగా సాగదు. అక్కడ తొందరపడితే గాయం విచ్చి, సంచినే తీసివేయవలసి రావచ్చు.

శస్త్రచికిత్స మధ్యలో నమూనా సంచిని పెట్టి, బల్లను ఎత్తి రోగిని కూర్చున్న భంగిమలోకి తెచ్చి, రెండువైపులా పోల్చి చూడటం కూడా ఉంది. పడుకున్నప్పుడు సహజమైన రొమ్ము పక్కలకు ఒరుగుతుంది, సంచి అంతగా ఒరగదు. వయస్సుతో ఒకటి జారుతుంది, రెండవది అలాగే ఉంటుంది. పైగా సంచి జీవితాంతం ఉండేది కాదు, మార్చవలసి రావచ్చు. ఇవన్నీ విన్న తరువాత సంచియే వద్దనుకొని, రవికలో అమర్చుకొనే సరితూకపు మెత్తతో తృప్తిపడే స్త్రీలూ ఉన్నారు.