ఇరవైన్నర కోట్ల వాదన

పడిపోయిన జట్టును నిలబెట్టాలంటే పేరున్న ఆటగాణ్ణి డబ్బు పోసి తేవాలా, ఇంటి పిల్లల్ని ఓపికగా పెంచుకోవాలా? మొన్న హారోలో జరిగిన మన సమావేశంలో, పులిహోర పళ్లాలు చేతపట్టుకుని, సభ్యులు దీని మీద గంటసేపు వాదించుకున్నారు. జమాఖర్చుల నివేదిక వచ్చే నెలకు వాయిదా పడింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ సంగతి గనుక ఎవరూ విచారించలేదు.

క్రికెట్ గొడవ పట్టని వారి కోసం కాస్త చెబుతాము. 2023 ఐ.పి.ఎల్.లో హైదరాబాద్ 14 ఆటల్లో 4 గెలిచి, పది జట్లలో పదో స్థానంలో నిలిచింది. ఇక్కడి యార్క్‌షైర్ కుర్రవాడు హ్యారీ బ్రూక్‌ను 13.25 కోట్లకు కొన్న ఏడాది అది. అతను కలకత్తా మీద ఒక సెంచరీ కొట్టాడు. మొత్తం 11 ఆటల్లో 190 పరుగులు. ఇంత జరిగాక కూడా ఆ డిసెంబరులో దుబాయి వేలంలో ఆస్ట్రేలియా కెప్టెన్ పాట్ కమిన్స్‌కు 20.5 కోట్లు పెట్టారు. చేతులు కాలినా బుద్ధి రాలేదని మనలో చాలామంది అన్నారు.

2024లో అదే జట్టు ముంబయి మీద 277, బెంగుళూరు మీద 287 కొట్టి ఫైనలు దాకా వెళ్లింది. అక్కడ 113కే ఆలౌటయింది. తొలి ఓవర్లోనే దెబ్బ తీసిన స్టార్క్‌ను అదే వేలంలో కలకత్తా 24.75 కోట్లకు కొన్నది. అంటే డబ్బు పోయడంలో మనవాళ్లదే పెద్ద చెయ్యి కాదన్నమాట!

కమిన్స్ 18 వికెట్లు తీశాడు, నాయకత్వమూ బాగుంది. కానీ పరుగుల రాశి పోసినవాళ్లు 6.8 కోట్ల ట్రావిస్ హెడ్ (567), అభిషేక్ శర్మ (484). ఈ అభిషేక్ వచ్చిన తీరే మాకు అసలు పాఠంగా తోస్తుంది. 2018లో హైదరాబాద్ శిఖర్ ధావన్ అంతటి వాణ్ణి ఢిల్లీకి ఇచ్చి, బదులుగా ముగ్గుర్ని తీసుకున్నది. వారిలో పద్దెనిమిదేళ్ల అభిషేక్ ఒకడు. ఫలం చేతికి రావడానికి అయిదేళ్లకు పైగా పట్టింది. విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి అయితే 20 లక్షలకే దొరికాడు.

పాతకాలపు ఉదాహరణ డెక్కన్ చార్జర్స్. 2008 వేలంలో లక్ష్మణ్ తనకు దక్కాల్సిన ‘ఐకాన్’ హోదా వదులుకుని, జట్టు ఖర్చుకు వెసులుబాటు ఇచ్చాడు. ఆ సొమ్ముతో సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు తెచ్చినా జట్టు అట్టడుగునే నిలిచింది. దాదాపు అదే జట్టు గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో 2009లో కప్పు గెలిచింది. దీన్ని రెండు పక్షాలవారూ తమ సాక్ష్యంగానే వాడుకున్నారు!

సిరాజ్ మాట వచ్చేసరికి మాత్రం గది వేడెక్కింది. హైదరాబాద్ ఆటో డ్రైవరు కొడుకు, 2017లో 2.6 కోట్లకు కొని, ఒక్క సీజన్‌కే వదిలేశారు. 2024 నవంబరు వేలానికి ముందు అయిదుగురిని నిలుపుకోవడానికే 120 కోట్లలో 75 అయిపోయాయి. మిగిలిన దానిలో షమీకి 10 కోట్లు పెట్టారు. సిరాజ్ 12.25 కోట్లకు గుజరాత్‌కు వెళ్లాడు. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్ మైదానంలోనే హైదరాబాద్ మీద 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. షమీ ఆ సీజనంతా కలిపి తీసినవి ఆరు. నవంబరులో అతణ్ణి లక్నోకు ఇచ్చేశారు.