హర్ కీ దూన్ బాటలో తాగునీరు: వడకట్టితే సరిపోతుందా?

న్యూదిల్లీ: మే, జూన్ నెలల్లోనూ, మళ్లీ దసరా వెళ్లిన తర్వాతా కశ్మీరీ గేట్ బస్ టెర్మినల్‌లో రాత్రి తొమ్మిది దాటాక దేహ్రాదూన్ బస్సుల దగ్గర భుజాలకు పెద్ద సంచులు తగిలించుకున్న యువతీయువకులు గుంపులుగా కనిపిస్తారు. గురుగ్రామ్, నోయిడా కార్యాలయాల నుంచి నేరుగా వచ్చిన ఆ గుంపుల్లో అప్పుడప్పుడు తెలుగు మాటలూ వినిపిస్తాయి. వారం రోజుల సెలవు, హిమాలయాల్లో నాలుగైదు రోజుల నడక, తిరిగి సోమవారం ఉద్యోగం. ఇదీ వారి ప్రణాళిక.

బూట్లు, గుడారం, స్లీపింగ్ బ్యాగ్ గురించి నెల ముందు నుంచే ఆలోచించే వారు కూడా నీటి విషయాన్ని చివరి రోజుకు వదిలేయడం పరిపాటి. కొండవాగు నీటికి మించిన శుభ్రమైన నీరు ఉండదన్నది ఒక నమ్మకం. మంచి ఫిల్టర్ కొన్నాం కనుక ఇక దిగులు లేదన్నది మరొకటి. మొదటిది నిజం కాదని చాలామందికి తెలుసు. రెండోదానిలోని లోపం అంత సులభంగా కనిపించదు. అది అర్థం కావడానికి దిల్లీ నగరానికి ఒకప్పుడు ఎదురైన అనుభవమే మంచి ఉదాహరణ.

పటిక, క్లోరిన్ పెంచినా ఆగని వ్యాధి

1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో దిల్లీలో దాదాపు 29,300 మందికి కామెర్లు వచ్చాయి. ఆ ఏడాది వరదల తర్వాత యమున ప్రవాహం దారి మార్చుకోవడంతో నజఫ్‌గఢ్ కాలువ మురుగు, నగరానికి నీరు తోడే వజీరాబాద్ వద్దకు ఎదురెక్కింది. ప్రమాదాన్ని గుర్తించిన నీటి శుద్ధి కేంద్రం సిబ్బంది పటికను, క్లోరిన్‌ను పెంచారు. బాక్టీరియా విషయంలో ఆ చర్య ఫలించింది. నగరంలో టైఫాయిడ్, జిగట విరేచనాల కేసులు చెప్పుకోదగినంతగా పెరగలేదు. వైరస్ మాత్రం శుద్ధి కేంద్రాన్ని దాటుకుని కుళాయిల్లోకి వచ్చింది.

ఆ వైరస్‌కు అప్పటికి పేరు లేదు. భద్రపరచిన రక్త నమూనాలను 1980 ప్రాంతంలో తిరిగి పరీక్షించినప్పుడు అది హెపటైటిస్ ఎ గానీ, బి గానీ కాదని తేలింది. 1978లో కశ్మీర్ లోయను కుదిపిన కామెర్ల వ్యాధి కూడా ఈ కోవలోనిదే. దానినే నేడు హెపటైటిస్ ఇ అంటున్నాం. ఆరోగ్యవంతుల్లో చాలావరకు దానంతటదే తగ్గిపోయే ఈ వ్యాధి గర్భిణులకు మాత్రం ప్రాణాంతకం. చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది వరకు మరణించే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నీటిలోని క్రిములన్నీ ఒకే రకం కావన్నది ఈ ఘటన నుంచి గ్రహించవలసిన విషయం. ఒకదానిని ఆపిన పద్ధతి మరొకదానిని ఆపకపోవచ్చు. ట్రెక్కింగ్ కోసం అమ్ముడయ్యే పరికరాలకూ ఇదే వర్తిస్తుంది.

పైనున్నదీ యమున నీరే

దిల్లీ నుంచి వారం రోజుల్లో వెళ్లిరాగల నడకదారుల్లో ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయ ప్రసిద్ధమైనది. దేహ్రాదూన్ నుంచి పురోలా, మోరీ, నైట్వార్ మీదుగా సంక్రీ గ్రామానికి చేరడానికి దాదాపు ఒక పగలంతా పడుతుంది. అక్కడి నుంచి తాలుకా, ఓస్లా గ్రామాల మీదుగా సుపిన్ నది వెంట నడక సాగుతుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తున, స్వర్గారోహిణి శిఖరాల ఎదుట లోయ విచ్చుకుంటుంది. ఇది గోవింద్ వన్యప్రాణి సంరక్షణ ప్రాంతంలో ఉన్నందున అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

సుపిన్ నది నైట్వార్ వద్ద రూపిన్‌తో కలిసి టోన్స్ అవుతుంది. టోన్స్ కాల్సీ సమీపంలో యమునలో కలుస్తుంది. అంటే ఓస్లా దగ్గర సీసాలో పట్టుకునే నీటిలో మిగిలిన పాయ ఎప్పుడో వజీరాబాద్ వైపు సాగేదే. ఆ నదికి ఎగువనే ఉన్నాం కనుక భయం లేదనుకోవడానికి వీల్లేదు. ఈ లోయ నిర్జనం కాదు. వాగుల పై వాలుల్లో గ్రామాలున్నాయి, పొలాలున్నాయి, మేతకు వచ్చే గొర్రెల మందలున్నాయి, సామాను మోసే కంచర గాడిదలున్నాయి. సీజన్‌లో ప్రతి మజిలీ దగ్గరా పదుల సంఖ్యలో గుడారాలు వెలుస్తాయి. మనుషులు ఉన్నచోట మానవ మలం ద్వారా వ్యాపించే వైరస్‌ల ప్రమాదమూ ఉంటుంది.

అమెరికా అడవుల్లో నడిచేవారికి ఎక్కువగా చెప్పే జాగ్రత్తలు జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవుల గురించి. అక్కడి నిర్జన ప్రాంతాల్లో వైరస్‌ల బెడద తక్కువగా పరిగణిస్తారు. ఆ అవసరానికి తగినట్టు రూపొందిన ఫిల్టర్లే మన దేశంలోనూ ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నాయి. చిక్కు అక్కడే ఉంది.

రంధ్రం కొలత, క్రిమి కొలత

ఈ ఫిల్టర్లలో సన్నని గొట్టాల వంటి పోగులు ఉంటాయి. వాటి గోడల్లోని రంధ్రాలు సాధారణంగా 0.1 మైక్రాన్. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జియార్డియా కోశం 10 మైక్రాన్ల వరకు, క్రిప్టోస్పోరిడియం 5 మైక్రాన్ల వరకు ఉంటాయి. బాక్టీరియా చాలావరకు అర మైక్రాన్‌కు పైనే. ఇవన్నీ ఫిల్టర్‌లో చిక్కుకుంటాయి. హెపటైటిస్ ఇ వైరస్ సుమారు 0.03 మైక్రాన్ మాత్రమే. అంటే ఆ రంధ్రం వైరస్ కంటే మూడు రెట్లు పెద్దది.

అమెరికా పర్యావరణ సంస్థ 1987లో ప్రకటించిన ప్రమాణంలో ‘ప్యూరిఫయర్’ అనే పేరుకు అర్హత పొందాలంటే బాక్టీరియా, పరాన్నజీవి కోశాలతో పాటు 99.99 శాతం వైరస్‌లను కూడా తొలగించాలని ఉంది. ‘ఫిల్టర్’కు ఆ షరతు లేదు. మన ప్రకటనల్లో ఈ రెండు మాటలూ ఇష్టానుసారం వాడుతున్నారు. అనువాదంలోకి వచ్చేసరికి రెండూ కలిసి ‘నీటి శుద్ధి పరికరం’ అయిపోతున్నాయి. నిజానికి తెలుగులో ఈ తేడాకు మాటల కొరత లేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు చిల్లగింజ అరగదీసి బిందెలోని మట్టిని అడుగుకు దించడం తేర్చడం. బట్టతోనో పోగుల ఫిల్టర్‌తోనో చేసేది వడకట్టడం. క్రిములను చంపడం వీటికి భిన్నమైన పని. తేరిన నీరు, వడకట్టిన నీరు కంటికి స్వచ్ఛంగా కనిపించినా క్రిములు చచ్చినట్టు కాదు.

దిల్లీ వాసుల సంచుల్లో కనిపించే మరో వస్తువు టీడీఎస్ మీటర్. ఇంట్లో ఆర్‌వో యంత్రానికి అలవాటుపడినవారు ఆ అంకెనే స్వచ్ఛతకు కొలమానంగా చూస్తారు. ఆ మీటర్ నీటిలో కరిగిన లవణాలను మాత్రమే సూచిస్తుంది. కొండవాగులో ఆ అంకె సాధారణంగా తక్కువగానే వస్తుంది. దాన్ని చూసి సంతోషించి తాగితే ప్రయోజనం లేదు.

కాచడానికి ఇంధనం ఎంత?

అన్ని రకాల క్రిములనూ చంపే నమ్మకమైన మార్గం నీటిని మరిగించడం. ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ ఉష్ణోగ్రత వద్దే మరుగుతుంది. ప్రతి 300 మీటర్లకు దాదాపు 1 డిగ్రీ తగ్గుతుంది కనుక హర్ కీ దూన్‌లో సుమారు 88 డిగ్రీల వద్దే మరుగుతుంది. అయినా క్రిములు చావడానికి ఆ వేడి చాలు. నీరు తెర్లడం మొదలైన తర్వాత ఒక నిమిషం, 2,000 మీటర్లకు పైన మూడు నిమిషాలు ఉంచాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచిస్తోంది.

చిక్కంతా ఇంధనంతోనే. చల్లని వాగునీటిని లీటరు మరిగించడానికి చిన్న గ్యాస్ స్టవ్ మీద సుమారు 15 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. ఎత్తైన చోట రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగడం మంచిది. మనిషికి నాలుగు లీటర్ల చొప్పున ఏడు రోజులకు 28 లీటర్లు, అంటే 420 గ్రాములు. చిన్న డబ్బాలు దాదాపు రెండు, నీటి కోసమే. వంట వేరు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో విమానంలో వచ్చేవారు ఈ గ్యాస్ డబ్బాలను ఏ సంచిలోనూ తీసుకురాకూడదు. రైలులోనూ మండే వస్తువులకు అనుమతి లేదు. దిల్లీ, దేహ్రాదూన్ దుకాణాల్లో కొనుక్కునేట్టు ముందే చూసుకోవాలి. ఇలాంటిచోట్ల కట్టెలు కొట్టి మంట వేయాలనే ఆలోచన పెట్టుకోకూడదు.

నిర్వాహక సంస్థలతో వెళ్లేవారికి వంటవాళ్లే నీరిస్తారు. వారిని ఒక్క మాట అడగడం మంచిది: ఈ నీరు తెర్లిందా, వేడి మాత్రమే చేశారా? చలిలో గోరువెచ్చని నీరు చేతికి అందితే కాచిన నీరే అనుకోవడం సహజం. అతి వేడిగా ఉన్న నీరు సైతం మరిగిన నీరు కానవసరం లేదు.

రెండు పద్ధతులు కలిపితే

క్లోరిన్ మాత్రలు తేలికైనవి, చవకైనవి. బాక్టీరియా మీద, వైరస్‌ల మీద చక్కగా పనిచేస్తాయి. జియార్డియా మీద అంతంతమాత్రం. క్రిప్టోస్పోరిడియం మీద దాదాపు పనిచేయవు. ఫిల్టర్ ఆపలేనిది మాత్ర చంపుతుంది, మాత్ర చంపలేనిది ఫిల్టర్ ఆపుతుంది. అందుకే ముందు వడకట్టి, ఆ తర్వాత క్లోరిన్ వేయడం ఈ లోయకు సరైన జోడింపు అని చెప్పవచ్చు. మొత్తం బరువు 200 గ్రాములలోపే.

అయితే మాత్ర వేసిన వెంటనే తాగకూడదు. కనీసం అరగంట ఆగాలి. మంచుకరిగిన చల్లని నీటిలో క్లోరిన్ నెమ్మదిగా పనిచేస్తుంది కనుక గంట వరకు ఆగడం క్షేమం. మట్టి, ఆకుల మురికి ఉన్న నీటిలో క్లోరిన్ ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది. వడకట్టడం ముందు, క్లోరిన్ తర్వాత అనే వరుస తారుమారు కాకూడదనేది ఇందుకే. మరో పొరపాటు కొనేటప్పుడు జరుగుతుంది. లీటరుకు సరిపోయే మాత్రలూ, 20 లీటర్ల క్యాన్‌కు సరిపోయేవీ ఒకే రకం డబ్బాల్లో అమ్ముతారు. అట్ట మీది కొలత చదవకుండా పెద్ద మాత్ర లీటరు సీసాలో వేస్తే నీరు నోట పెట్టలేం. చిన్న మాత్ర క్యాన్‌లో వేస్తే పని జరగదు. వాసన నచ్చనివారు గడువు పూర్తయ్యాక నిమ్మరసం పిండుకోవచ్చు, ముందు పిండితే క్లోరిన్ విరిగిపోతుంది.

క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు దొరికితే అవి క్రిప్టోస్పోరిడియంను కూడా చంపగలవు. కాని దానికి నాలుగు గంటలు ఆగవలసి ఉంటుంది. అయోడిన్ గర్భిణులకూ, థైరాయిడ్ సమస్య ఉన్నవారికీ తగదు. అతినీలలోహిత కాంతి దీపాలు తేట నీటిలో బాగానే పనిచేస్తాయి. సుపిన్ వంటి మట్టి కలిసిన నీటిలో కాంతి లోపలికి చొరదు, పైగా చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది.

చలికాలంలో ఫిల్టర్‌కు ఇంకో ప్రమాదం ఉంది. ఒకసారి తడిసిన పోగుల్లో నీరు గడ్డకడితే అవి చిట్లుతాయి. పైకి ఏమీ తెలియదు, నీరు మునుపటిలాగే వస్తుంది. కాని ఫిల్టర్ పనికిరాకుండా పోయినట్టే. రాత్రి దానిని స్లీపింగ్ బ్యాగ్‌లో తమతో పాటు ఉంచుకోవాలి. గడ్డకట్టిందన్న అనుమానం వస్తే పక్కన పెట్టి నీరు కాచుకోవాలి.

సీసా శుభ్రం, చెయ్యి మురికి

నీటిని ఎంత జాగ్రత్తగా శుద్ధి చేసినా చేతులు కడగకుండా చపాతీ తింటే ఫలితం ఒకటే. మలవిసర్జనకు వాగు నుంచి కనీసం 60 మీటర్ల దూరం వెళ్లాలి, గుంత తీసి పూడ్చాలి, తిరిగి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శుద్ధి చేయని నీటి సంచినీ తాగే సీసానూ వేర్వేరుగా గుర్తు పెట్టుకోవాలి. చాలా ఫిల్టర్ల విషయంలో మూత దగ్గరి చుక్కలే మళ్లీ కలుషితం చేస్తాయి.

అయినా విరేచనాలు పట్టుకుంటే మొదట కావలసినది ఓఆర్ఎస్. పొట్లాలు లేకపోతే లీటరు శుద్ధమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి, చెంచా అంటే టీ చెంచా. రక్తం పడినా, జ్వరం వచ్చినా విరేచనాలు కట్టే మాత్రలు మింగి నడక కొనసాగించకూడదు. కిందికి దిగాలి. సంక్రీ దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవడానికి లేదు కనుక, ఆ నిర్ణయం ఒక రోజు ముందే తీసుకోవడం మేలు.

హెపటైటిస్ ఎ, టైఫాయిడ్ టీకాలు మన దేశంలో లభిస్తున్నాయి. బయలుదేరడానికి కొన్ని వారాల ముందు వైద్యులను సంప్రదించవచ్చు. తిరిగి వచ్చాక కూడా ఒక విషయం గుర్తుంచుకోవాలి. జియార్డియా లక్షణాలు ఒకటి నుంచి మూడు వారాలకు, హెపటైటిస్ ఇ లక్షణాలు రెండు నుంచి పది వారాలకు బయటపడతాయి. 1955లో మురుగు కలిసింది నవంబరులో, ఆసుపత్రులు నిండింది డిసెంబరు, జనవరిలో. మే నెలాఖరున కొండ దిగినవారికి జులైలో కళ్లు పచ్చబడితే, వైద్యుడికి చెప్పవలసిన మొదటి మాట ఆ వాగు నీటి గురించే.