చార్జర్‌కి ఏమీ కాని ఎక్స్‌టెన్షన్ బోర్డు హీటర్‌కి ఎందుకు కాలిపోతుంది?

చలికాలం వచ్చిందంటే హాస్టల్స్‌లో, బ్యాచిలర్ రూముల్లో ఒక సీన్ కామన్. బకెట్‌లో హీటర్ రాడ్, దాని ప్లగ్ వెళ్లి మంచం పక్కన ఎక్స్‌టెన్షన్ బోర్డులో. అడిగితే "రెండేళ్ల నుంచి ఇదే బోర్డులో ఫోన్ చార్జింగ్ పెడుతున్నాం, ఏం కాలేదు బ్రో" అంటారు. మరి హీటర్ పెట్టిన నాలుగు రోజులకే ప్లగ్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన ఎందుకొస్తుంది? ఈరోజు లెక్క కట్టి చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్ మర్చిపోయినా పర్లేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఓపెన్ చేసుకోండి చాలు.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. "కరెంట్ పోయింది", "కరెంట్ బిల్లు" అని మనం అనేటప్పుడు కరెంట్ అంటే మొత్తం విద్యుత్. లెక్కల్లో అలా కాదు. వైర్‌లో సెకనుకి ఎంత చార్జ్ ప్రవహిస్తోందో అదే కరెంట్. దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. ఆ చార్జ్‌ని తోసేది వోల్టేజ్. మన ఇళ్లలో అది 230 వోల్టులు. ప్రవాహానికి అడ్డుపడేది రెసిస్టెన్స్, దాని యూనిట్ ఓమ్. జర్మనీకి చెందిన గెయోర్గ్ ఓమ్ 1827లో అచ్చువేసిన పుస్తకంలో ఈ మూడింటి సంబంధం చెప్పాడు. అందుకే యూనిట్‌కి ఆయన పేరు.

గుర్తుపెట్టుకోవాల్సినవి మూడే లైన్లు:

రెసిస్టెన్స్ = వోల్టేజ్ ÷ కరెంట్
పవర్ = వోల్టేజ్ × కరెంట్
పవర్ = కరెంట్ × కరెంట్ × రెసిస్టెన్స్

మూడోది కొత్తదేం కాదు. రెండో లైన్‌లో వోల్టేజ్ ఉన్న చోట "కరెంట్ × రెసిస్టెన్స్" పెడితే వచ్చేది అదే. కానీ అసలు కథంతా ఆ మూడో లైన్‌లోనే ఉంది.

ఇప్పుడు రాడ్ మీద లేబుల్ చూడండి. 1500 వాట్స్ అని ఉందనుకుందాం. కరెంట్ కావాలంటే 1500 ÷ 230, అంటే సుమారు 6.5 ఆంప్స్. రెసిస్టెన్స్ కావాలంటే 230 ÷ 6.5, సుమారు 35 ఓమ్స్. ఇక బోర్డు వెనక్కి తిప్పి చూడండి. చిన్న పిన్నుల సాకెట్ అయితే సాధారణంగా 6 ఆంప్స్ అని ఉంటుంది. అంటే రాడ్ ఒక్కటి పెట్టగానే లిమిట్ దాటేశాం. అందులోనే 1000 వాట్స్ ఐరన్ బాక్స్ కూడా పెడితే 2500 ÷ 230, దాదాపు 11 ఆంప్స్!

"కొంచెమే కదా దాటింది, 6 బదులు 6.5" అనుకోవచ్చు. అక్కడే అసలు ప్రమాదం ఉంది. పాత బోర్డులో సాకెట్ లోపలి రేకులు వదులైపోతాయి. ప్లగ్ పిన్ను వాటికి సరిగ్గా ఆనదు. ఆ లూజ్ కాంటాక్ట్ దగ్గర అర ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకుందాం. మూడో లైన్ వాడండి. 6.5 × 6.5 × 0.5, సుమారు 21 వాట్స్. చిన్న నంబరే కదా? ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్స్. సీసం కరిగించే వేడికి దగ్గరగా, మీ ప్లగ్‌లో ఒకే పాయింట్ దగ్గర పుడుతోందన్నమాట. ప్లాస్టిక్ కరగదా మరి?

అదే లూజ్ కాంటాక్ట్‌లో ఫోన్ చార్జర్ పెట్టండి. అది 0.2 ఆంప్స్ తీసుకుంటుందనుకుంటే 0.2 × 0.2 × 0.5 = 0.02 వాట్స్. చేతికి తెలియను కూడా తెలియదు. కరెంట్ 32 రెట్లు పెరిగితే వేడి వెయ్యి రెట్లు పెరిగింది, ఎందుకంటే కరెంట్‌ని రెండుసార్లు గుణిస్తున్నాం. చార్జర్‌తో రెండేళ్లు బాగానే ఉండటం హీటర్‌కి గ్యారంటీ కాదు.

"ఎంసీబీ ఉంది కదా, ట్రిప్ అవుతుంది" అంటారా? అవ్వదండీ. 16 ఆంప్స్ ఎంసీబీకి 6.5 ఆంప్స్ మామూలు లోడే. లూజ్ కాంటాక్ట్ వల్ల కరెంట్ పెరగదు, నిజానికి కొద్దిగా తగ్గుతుంది. ఆ పాయింట్‌లో పోయే వోల్టేజ్ 6.5 × 0.5, అంటే 3 వోల్టుల పైచిలుకు. నీళ్లు మామూలుగానే కాగుతాయి. మీకు అనుమానమే రాదు.

ఒక్క జాగ్రత్త. ఈ లెక్కలు రాడ్, ఐరన్ బాక్స్ లాంటి వేడి చేసే వస్తువులకే సూటిగా పనిచేస్తాయి. చార్జర్, ఎల్‌ఈడీ బల్బు లోపల సర్క్యూట్ ఉంటుంది, వాటి రెసిస్టెన్స్ స్థిరంగా ఉండదు. ఫ్యాన్ లాంటి మోటర్‌లో వోల్టేజ్, కరెంట్ గుణిస్తే వచ్చేది అసలు వాట్స్ కన్నా ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. 1500 వాట్స్ రాడ్‌ని గోడకున్న 16 ఆంప్స్ పెద్ద సాకెట్‌లోనే పెట్టండి. పెద్ద ప్లగ్‌ని చిన్న సాకెట్‌లో పెట్టడానికి కన్వర్టర్ వాడకండి. పది నిమిషాలు వాడాక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పిన్నులకు దూరంగా ప్లాస్టిక్ భాగం ముట్టుకుని చూడండి. బాగా వేడిగా ఉంటే సాకెట్ మార్పించాల్సిందే. రంగు మారినా, వాసన వచ్చినా అంతే. నీళ్లు కాగాయో లేదో చూడటానికి రాడ్ ఆన్‌లో ఉండగా వేలు మాత్రం పెట్టొద్దు.

ఈ రాత్రికి మీ రూమ్‌లో ఉన్న వస్తువుల వాట్స్ అన్నీ కూడి, 230తో భాగించి, బోర్డు మీదున్న ఆంప్స్‌తో పోల్చి చూడండి. రెండు నిమిషాల పని. రూమ్మేట్‌కి కూడా చూపించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!