వంశనిర్ణయమున పత్రప్రమాణములు: సామ్యుయలు లింకను

వంశచరిత్ర శోధకులను నామసామ్యము మోసపుచ్చినంతగా మఱియేదియు మోసపుచ్చదు. పేరులు కలిసినంతనే వంశములు కలిసినవని తలచుట సులభము. అట్లు కలిసినవని నిరూపించుట కష్టము. ఈ రెండింటికిని గల యంతరమును దెలిసికొనుటకు అమెరికా సంయుక్తరాష్ట్రముల పదునాఱవ అధ్యక్షుడగు అబ్రహాము లింకను వంశవృత్తాంతము చక్కని యుదాహరణము.

లింకను 1809లో కెంటకీయందు జన్మించెను. తన పితామహుని పేరును అబ్రహామే యనియు, ఆయన వర్జీనియానుండి కెంటకీకి వలసవచ్చి యచ్చటి ఆదిమజాతివారిచే హతుడయ్యెననియు, అంతకుముందు తన పూర్వులు పెన్సిల్వేనియాలోని బర్క్సు కౌంటీయందు నివసించిన క్వేకరు మతస్థులనియు లింకను వినియుండెను. అంతకు మీది సంగతి ఆయన కెవరును చెప్పలేదు. 1848లో మసాచుసెట్సునందలి హింగ్‌హాము నివాసి యగు సాలమను లింకనుతో ఈ విషయమై ఉత్తరప్రత్యుత్తరములు జరిగెను. రెండు కుటుంబములయందును మార్డికై, లీవై, అబ్రహాము మున్నగు పేరులు కానవచ్చినవి. అయినను 1859లో తన చరిత్రమును సంగ్రహముగా వ్రాసినపుడు, ఈ పేరుల పోలికకంటె నిశ్చితమైన దేదియు లభింపలేదని లింకను చెప్పెను. 1865లో ఆయన మరణించునాటికి ఆ సందేహము తీఱలేదు. పిమ్మట పలువురు పత్రములను వెదకిరి. 1909లో లీ, హచిన్సను అనువారు ప్రకటించిన గ్రంథమునందు వానిలో ముఖ్యమైనవి పరిశీలింపబడినవి.

శోధకుడు తెలిసినదానినుండి తెలియనిదానికి ఒక్కొక్క మెట్టుగా వెనుకకు బోవలయును. మొదటి మెట్టు ఇంటిలోని బైబిలు గ్రంథము. దానియందు తన తండ్రియగు టామసు 1806 జూను 12వ తేదీన నాన్సీ హాంక్సును వివాహమాడినట్లు లింకను స్వహస్తముతో వ్రాసెను. కాని వారు కాపురముండిన హార్డిను కౌంటీ కచేరిలో ఆ వివాహపత్రము దొరకకపోవుటచే అపవాదములు పుట్టినవి. లింకను గతించిన చాలయేండ్లకు అది వాషింగ్టను కౌంటీ కచేరిలో కనబడెను. వివాహము జరిగిన దచ్చటనే. మనుష్యుడు నివసించిన చోటగాక, కార్యము జరిగిన చోట పత్రమును వెదకవలెనని దీనివలన దెలియుచున్నది. సరియైన తావున వెదకనందున తల్లిదండ్రుల సత్కీర్తికే భంగము వాటిల్లెను.

రెండవ మెట్టు పెన్సిల్వేనియా. అధ్యక్షుని పితామహునకు తండ్రి జాన్. ఆయన 1768లో వర్జీనియాకు వలసపోయెను. జాన్ తండ్రియగు మార్డికై 1736లో మరణించెను. ఆయన నివసించిన ప్రదేశము తరువాత బర్క్సు కౌంటీలో జేరినను, ఆ కౌంటీ యేర్పడినది 1752లో. కావున ఆయన మరణశాసనమును ఫిలడెల్ఫియాలో వెదకవలసియుండెను. న్యూజెర్సీలోని 300 ఎకరముల భూమి జానుకు చెందవలెనని దానియందు గలదు. ఆ భూమిని 1748లో జాన్ విక్రయించెను. పేరు పలువురి కుండవచ్చును గాని, ఒక భూమిని తండ్రివలన బొంది విక్రయించువాడు ఒక్కడే. అధ్యక్షునకు దొరకని నిశ్చయము ఇట్టి భూపత్రములవలన గలిగెను.

ఇక మసాచుసెట్సు. 1686లో జన్మించిన ఈ మార్డికై, అదే పేరుగల మఱియొక మార్డికైకి కుమారుడు. తండ్రి 1657లో హింగ్‌హామునందు బుట్టి 1727లో మరణించెను. దూరదేశమున స్థిరపడిన మార్డికై, అబ్రహాము అను కుమారులకు ఆయన తన మరణశాసనమున భాగము లొసగెను. ఆ పెద్ద మార్డికై తండ్రియే, ఇంగ్లండునుండి వచ్చిన మూలపురుషుడగు సామ్యుయలు లింకను. అక్కడను నామసామ్యపు చిక్కు లేకపోలేదు. ఆనాటి హింగ్‌హాములో టామసు లింకను అనుపేర నలుగురుండిరి. నేతగాడు, మరయజమాని, పీపాలు చేయువాడు, కృషీవలుడు అని వృత్తులచేతనే వారిని వేఱుపఱచుచుండిరి. వారిలో నేతగాడు సామ్యుయలునకు అన్న.

సామ్యుయలు ప్రయాణమునకు సాక్ష్యము 1637 ఏప్రిలునాటిది. నార్‌ఫోకులోని యార్మతు రేవునందు ప్రయాణికులను బరీక్షించి వ్రాసిన పట్టికలో, నార్విచి నేతగాడగు ఫ్రాన్సిసు లాసు సేవకులలో నొకడుగా సామ్యుయలు లింకోర్ను, వయస్సు పదునెనిమిది యని గలదు. నార్‌ఫోకునందలి హింగ్‌హాము చర్చి పట్టికలోనో, సామ్యుయలు జ్ఞానస్నానము 1622 ఆగస్టు 24వ తేదీన జరిగెను. ఆ లెక్కకు అతనికి పదునాలుగేండ్లే నిండియుండవలెను. పేరున అక్షరభేదము, వయస్సున నాలుగేండ్ల భేదము! అయినను ఇంతమాత్రముచే ఇరువురు సామ్యుయలులను గల్పింపరాదు. లేఖకుడు చెవికి వినబడినట్లు పేరు వ్రాసెను. వయస్సు చెప్పినవారి మాటయే అతనికి ఆధారము. జ్ఞానస్నానపు పట్టికయు పుట్టినదినమును దెలుపదు. అప్పటికే పుట్టియుండెనని మాత్రము దెలుపును. నేతవృత్తియు, స్వగ్రామ నామమును, క్రొత్త హింగ్‌హాములో సోదరు లుండుటయు ఒకచో గూడుటచేతనే ఇరువురును ఒక్కడని నిశ్చయించుచున్నారు.

ఇంగ్లండునందు 1538నుండి ప్రతి చర్చియందును జ్ఞానస్నాన, వివాహ, ఖనన వివరములు వ్రాయవలసినదని రాజశాసనము గలుగుటచే ఈ సాక్ష్యము మనకు లభించెను. అట్లు వ్రాసినవారు చరిత్రకొఱకు వ్రాసినవారు కారు. చర్చివారికి జ్ఞానస్నానము, రేవు అధికారికి అనుమతి, తండ్రికి ఆస్తివిభాగము ముఖ్యము. కావున ప్రతిపత్రమును ఏ ప్రయోజనమునకై పుట్టెనో ఆ విషయమున గట్టిగను, తక్కినవానియందు సంశయముతోను నమ్మవలెను. కుటుంబపు మాట వెదకవలసిన దిక్కును జూపును; పత్రము దానిని స్థిరపఱచును. మన కవుల కాలమును చాటుకథలనుబట్టిగాక శాసనములతో బోల్చి నిర్ణయించుటకును న్యాయ మిదియే.