పోటీకి ముందటి పత్రము

శక్కర్‌నగరపు పొగగొట్టములు ఇంకను పొగలు గ్రక్కుచుండిన దినములలో, అనగా 1937లో నిజామాబాదు జిల్లా బోధనునొద్ద స్థాపితమై ఒకప్పుడు ఆసియాఖండమునందే పెద్దదని పేరు వడసిన నిజాం చక్కెర కర్మాగారము నిజాంసాగరపు నీట పెరిగిన చెరకును రేయింబవళ్లు పిండుచుండిన కాలమున, చెరకు బండి గేటు చేరుటకు చాల ముందుగనే రైతు వృత్తాంతము రిజిస్టరునకు చేరవలసి యుండెను. ఊరేది, సర్వే నంబరేది, ఎన్ని ఎకరములు, ఏ రకము, నాటిన తేదీ ఏది, మొక్కతోటయా, నరికిన మోళ్లనుండి మరల చిగిర్చిన కార్శితోటయా అని ఏ చక్కెర మిల్లయినను అడుగును. నరికిన చెరకులోని తీపి గడియ గడియకు తరిగిపోవును గనుక, ఏ తోట ఎప్పుడు పక్వమగునో లెక్క కట్టి వరుసవారీగా నరుకుటకు పర్మిటు ఇయ్యకున్నచో, బండ్లు గేటు ముందర బారులు తీరి రైతును మిల్లును గూడ నష్టపరచును. తూకమును గూర్చియు బకాయిలను గూర్చియు గొణుగుడు ఏ చెరకు సీమకు పోయినను వినబడును. గాని నాటిన తేదీ ఎందుకడిగితిరని గొణిగిన రైతు అరుదు. అడిగిన ప్రశ్నకు పని కలదని అతనికి తెలియును.

ఈ రిజిస్టరు నాకు జ్ఞాపకము వచ్చుటకు కారణము వేరొక పత్రము. ప్రభుత్వములు ప్రజలకు పోటీలు పెట్టి బహుమానములిచ్చు పద్ధతి మన కాలమున మిక్కిలి వ్యాపించినది. పాఠశాల పిల్లల వైజ్ఞానికములైన ఆలోచనలకు ఒక పోటీ, పల్లెటూరి పనిమంతుల ఆవిష్కరణలకు ఒక పోటీ, నినాదములకు, చిహ్నములకు, వ్యాసములకు వేరు వేరు పోటీలు నడచుచున్నవి. వీనిలో గెలిచిన వారిని గూర్చి పత్రికలు వ్రాయును. ఓడిన వారిని గూర్చి ఎవరును వ్రాయరు. గెలిచినవారును ఓడినవారును సమానముగా నింపి పంపిన దరఖాస్తును గూర్చి బొత్తిగా వ్రాయరు. బహుమానము కొందరికే దక్కునది. వివరములు మాత్రము అందరినుండియు పోవునవి. కావున ఈ వ్యాసము ఆ దరఖాస్తును గూర్చియే.

పోటీ పెట్టి జ్ఞానమును రాబట్టుట పాత విద్యయే. సముద్రము మీద నావ యొక్క రేఖాంశమును కనిపెట్టు ఉపాయము చెప్పినవారికి ఇరువదివేల పౌన్ల వరకు ఇత్తుమని 1714లో బ్రిటిష్ పార్లమెంటు శాసనము చేయగా, వడ్రంగి కొడుకైన జాన్ హారిసన్ తన జీవితమంతయు వెచ్చించి సముద్రపుటూపునకు చలింపని గడియారములను నిర్మించెను. 1765లో అతడు తన గడియారమును పరీక్షకుల యెదుట ఊడదీసి, చక్రము చక్రముగా వివరింపవలసి వచ్చినది. ఫ్రాన్సులో ఆహారమును చెడకుండ నిలువచేయు పద్ధతిని కనిపెట్టిన నికొలా అప్పేరు 1810లో పండ్రెండువేల ఫ్రాంకులు పొందెను. ఆ పద్ధతిని గ్రంథముగా ప్రకటింపవలెనన్నదే అతనికి పెట్టిన షరతు. ఈ రెండు చోట్లను ప్రభుత్వము వస్తువును గూర్చి సమస్తమును అడిగినది.

స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో మన దేశమున నడచిన పంటల పోటీలును ఆ జాతివే. పోటీకి దిగిన రైతు పొలమును కొలిచి, న్యాయనిర్ణేతల కన్నుల యెదుట కోయించి, నూర్పించి, తూచి, దిగుబడిని తేల్చెడివారు. దేశమునందు అగ్రగణ్యుడైన వానికి కృషి పండిత బిరుద మిచ్చెడివారు. ఏ విత్తనము, ఏ ఎరువు, ఎన్ని తడులు అను ప్రశ్నలకు అతడిచ్చిన సమాధానములు పొరుగు రైతులకు పాఠములు కావలెననియే గదా పోటీ పెట్టుట. ఇట్టి వివరమును దాచినచో పోటీయే వ్యర్థము.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలసి యున్నది. దరఖాస్తులో రెండు జాతుల ప్రశ్నలు కలసి యుండును: చేసిన పనిని గూర్చినవి, చేసిన మనిషిని గూర్చినవి. మొదటివి ఎంత విస్తరించిన లోకమున కంత మేలు. రెండవవి అవసరమునకు మించినచో ఎవరికిని మేలు లేకపోగా ఎచ్చటనో ఒకచోట పోగుపడి యుండును. పాత పోటీలలో మొదటి భాగము గ్రంథమంత, రెండవ భాగము గీత యంత. నేటి దరఖాస్తులు చూచినచో తక్కెడ తలక్రిందులైనదని నా అభిప్రాయము.

కేంద్ర ప్రభుత్వపు శాస్త్ర సాంకేతిక శాఖ జాతీయ నవకల్పనా సంస్థతో కలసి నడపుచున్న ఇన్‌స్పైర్ మానక్ పురస్కారములు నిజామాబాదు జిల్లాలోని ఏ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికైనను తెలిసినవే. దేశము నలుమూలల నుండి పది లక్షల ఆలోచనలను సేకరింపవలెనన్నది దాని సంకల్పము. ఒక్కొక్క పాఠశాల ఐదు ఆలోచనలను పంపవచ్చును. మొదట ఆరు నుండి పది తరగతుల వారికే ఉద్దేశించిన దీనిని ఇటీవల పండ్రెండవ తరగతి వరకు విస్తరించిరి. వచ్చిన వానిలో లక్షవరకు ఎన్నుకొని, నమూనా తయారుచేయుటకు ఒక్కొక్కరికి 10,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో వేయుదురు. జిల్లా ప్రదర్శనల నుండి పదివేలు, రాష్ట్రముల నుండి వేయి, తుదకు దేశమంతటికిని అరువది మిగులును. జల్లెడ ఎంత సన్ననిదో చూడుడు. ఉద్దేశమును శంకింపవలసిన పనిలేదు. పదేండ్ల పిల్లవాని ఆలోచనకు ఢిల్లీ చెవియొగ్గుట చిన్న సంగతి కాదు.

అయినను బోధను సీమలో ఒక చెరకు రైతు కూతురిని ఊహించుకొందము. ఆమెకు గంగామణి యని పేరు పెట్టుదము, ఆ సీమలో అది ఇంటింటి పేరు గనుక. చెరకు ఎండుటాకు దూయునపుడు తల్లి చేతులు కోసికొనిపోవుట చూచి, కొడవలి పిడికి వంకర కమ్మి తగిలించి ఆకును చేయి తాకకుండ లాగు ఉపాయమొకటి ఆమెకు తోచినది. నోటుబుక్కు నడిమి కాగితము చించి బొమ్మ గీసి సారునకు చూపినది. సారు కంప్యూటరు ముందర కూర్చుండి అడుగుట మొదలు పెట్టును: పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, తరగతి, ఆడ మగ, సామాజిక వర్గము, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, ఆ బ్యాంకు శాఖ సంకేతము, ఫోను నంబరు. కొడవలి పిడి ఊసు వచ్చుసరికి సాయంకాలపు గంట కొట్టినను ఆశ్చర్యము లేదు.

ఈ ప్రశ్నలలో ఒక్కొక్కదానికి కారణము లేకపోలేదు. తరగతియు వయస్సును అర్హతకు, ఖాతా సొమ్ము పంపుటకు, ఆధార్ ఒకే బిడ్డ పేరు రెండు చోట్ల రాకుండుటకు. వర్గమును అడుగుట గూడ, ఏ ఊళ్ల పిల్లలకు ఏ బడుల పిల్లలకు ఈ తలుపు తెరుచుకొనుటలేదో తెలిసికొనుటకు పనికివచ్చును. ఆ లెక్క లేకున్నచో బహుమానములన్నియు పట్నపు బడులకే పోయినను కనిపెట్టువాడుండడు. నా ఆక్షేపణ ప్రశ్నను గూర్చి గాక, ప్రశ్నించు వేళను గూర్చి. సొమ్ము లక్షమందికి, ఖాతా సంఖ్య మాత్రము పంపిన ప్రతివాని నుండియు, అదియు మొట్టమొదటనే! ఎన్నికైన పిమ్మట ఆ లక్షమందిని అడిగిన సరిపోవుగదా. చెరకు నాటని రైతుకు పర్మిటు వ్రాయించు గుమాస్తాను శక్కర్‌నగరమున ఎవరైనను చూచిరా?

ఇక పేర్ల చిక్కు బోధను సీమకు ప్రత్యేకమైనది. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును ఒకే అంగడిలో వినబడు సరిహద్దు ప్రాంతమది. ఒకనాడు ఉర్దూ దస్తావేజులలో పడిన పేరు, పిమ్మట తెలుగు బడి రిజిస్టరులో మారి, ఆధార్ కార్డున ఇంగ్లీషు అక్షరములలో మూడవ రూపు దాల్చుట సామాన్యము. ఇంటిపేరు ఒకచోట ముందర, ఒకచోట వెనుక, ఒకచోట ఒంటి అక్షరము. మనుష్యుడు చూచినచో నవ్వి ఊరుకొను ఈ భేదమును యంత్రము క్షమింపదు. ఆధార్ లేదన్న కారణమున ఏ బిడ్డకును ప్రయోజనమును నిరాకరింపరాదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది నిజమే. గాని నిరాకరించుట యొకటి, తిప్పించుట మరియొకటి.

మన రాష్ట్రమునందే దీనికి ప్రతిగా నిలుపదగిన పద్ధతి కలదు. తెలంగాణ రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019 నుండి నడపిన ఇంటింటా ఇన్నోవేటర్ అను కార్యక్రమమున పాల్గొనదలచినవాడు వాట్సాప్‌లో తన పేరు, వయస్సు, వృత్తి, ఊరు, జిల్లా, ఫోను నంబరు తెలిపి, తాను చేసిన వస్తువును గూర్చి నాలుగు మాటలు, కొన్ని ఛాయాచిత్రములు, రెండు నిమిషముల వీడియో పంపిన చాలును. ఎన్నికైన వాటిని ఆగస్టు 15వ తేదీన జిల్లా కేంద్రములలో ప్రదర్శించిరి. అక్షరము రాని మెకానిక్కు గూడ వస్తువును కెమెరా ముందర త్రిప్పి చూపగలడు. ఇందులో మనిషిని గూర్చిన ప్రశ్నలు ఒక్క పోస్టుకార్డున పట్టును. తక్కినదంతయు పనిని గూర్చినదే. అయితే వాట్సాప్ మార్గమున పోయిన బొమ్మలు ఎవరి ఫోనులలో ఎంత కాలము నిలుచునో అన్న సందేహము దీనికిని తప్పదు. సులభమైన త్రోవ యన్నంత మాత్రమున కంచె అక్కరలేదని కాదు.

అసలు దరఖాస్తే లేని బహుమానమును గూడ మనము చూచితిమి. పెద్ద నోట్ల రద్దు పిమ్మట, 2016 డిసెంబరు 25 నుండి 2017 ఏప్రిల్ 14 వరకు కేంద్రము లక్కీ గ్రాహక్ యోజన నడపినది. 50 నుండి 3,000 రూపాయల వరకు డిజిటల్ పద్ధతిన చెల్లించిన వారిలో దినమునకు 15,000 మందికి వేయేసి రూపాయలు, తుదకొక కోటి రూపాయల బహుమానము. దీనిలో ఎవరును పేరు నమోదు చేసికొనలేదు. కిరాణా కొట్టులో చెల్లింపే దరఖాస్తు అయినది. శ్రమ లేదు, నిజమే. గాని తాను పోటీలో నున్నానని ఎరుగకయే పోటీదారుడగుట విచిత్రమైన స్థితి. నన్నడిగినచో, తెలిసి నింపిన పది గడులకంటె తెలియక నిండిన ఒక్క గడి నన్నెక్కువ కలవరపెట్టును.

అమెరికాలో ఈ విషయమున ఒక చమత్కారమైన చట్టము కలదు. అచ్చటి ప్రభుత్వ శాఖలన్నింటికిని బహుమాన పోటీలు నడపు అధికారమును 2011 జనవరిలో శాసనమై వెలసిన చట్టమొకటి విస్తరించినది. అయితే పదిమందిని గాని అంతకు మించి గాని ఒకే ప్రశ్నావళి అడుగదలచిన శాఖ, 1980 నాటి కాగితపు పనిని తగ్గించు చట్టము ననుసరించి, సాధారణముగా ముందు అనుమతి పొందవలెను: ఎందుకడుగుచున్నారో, ఎందరినడుగుదురో, ఒక్కొక్కరికి నింపుటకు ఎంతసేపు పట్టునో లెక్క కట్టి, ప్రభుత్వ గెజిటులో ప్రకటించి, ప్రజల ఆక్షేపణలు విని, అంగీకార సంఖ్య నొకదానిని తెచ్చుకొని దరఖాస్తు మీద ముద్రింపవలెను. ఆ సంఖ్య లేని పత్రమునకు జవాబీయనందులకు పౌరుని దండింపరాదు. ఈ తతంగము వలన పోటీలు ఆలస్యమగునని అచ్చటనే విసుగుకొనువారు కలరు. అయినను ప్రజల నిమిషములకు గూడ ఖాతా వ్రాయవలెనన్న భావన నాకు మిక్కిలి నచ్చినది. మన సీమలో ఒక బడికి ఐదుగురు పిల్లల వివరములు ఎక్కించుటకు పట్టు పూటను ఏ గెజిటులోను లెక్కించినవారు లేరు; అది సారు ఓపికలోనే జమ.

2023 ఆగస్టులో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును ఆమోదించినది. పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి వివరములు తీసికొనుటకు తల్లిదండ్రుల సమ్మతి ఋజువు కావలెనని అందున్నది. తీసికొన్న ప్రయోజనము తీరిన పిమ్మట తుడిచివేయవలెననియు నున్నది. ప్రభుత్వమే ఇచ్చు ప్రయోజనముల విషయమున సమ్మతికి సడలింపులును అందే చేర్చిరి. కాబట్టి ఓడిన బాలుని ఖాతా సంఖ్యకు ఎప్పుడు కాలము తీరును అన్న ప్రశ్నకు సమాధానము చట్టముకంటె ఎక్కువగా పోటీ నడపువారి మనస్సు మీద నాధారపడి యుండును.

గంగామణి సంగతి సగములో విడిచితిమి. బడి రిజిస్టరులో ఆమె పేరునకు దీర్ఘము కలదు, ఆధార్ కార్డులో లేదు. గడువు శనివారము. "బిడ్డా, నీ ఆధార్ల పేరు వేరే ఉన్నది, రేపు బోధన్ పోయి సరి చేయించుకొని రా," అని సారు కంప్యూటరు కట్టివేసెను. రేపు తండ్రి చెరకు నరుకుడు, తల్లి కూలి మానవలెను, బస్సు తొమ్మిదింటికి. బాలిక తల యూపి, గుమ్మము దాటి, మరల వెనుకకు తిరిగి, చేతిలో మడత పెట్టిన నోటుబుక్కు కాగితమును చూపి అడిగెను:

"సార్, మరి ఈ బొమ్మ ఎప్పుడియ్యాలె?"