కంట్లో జిగురు... నిజంగా బంగారు!

మీకు తెలుసా? మీ కళ్ళు మెరిసేది జిగురు పుణ్యమే! దాని పేరు మ్యూసిన్. ముక్కులో ఉంటే ఛీ అంటాం, కంట్లో ఉంటే కలువలంటాం!

మీకు తెలుసా? కంట్లో ఎప్పుడూ ఉండే కన్నీరు దాదాపు 7 మైక్రోలీటర్లే. మందు సీసాలోంచి పడే ఒక్క చుక్క దానికి నాలుగింతల పైనే! రెండో చుక్క మీ చెంపకే!

మీకు తెలుసా? మ్యూసిన్ బరువులో సగానికి పైగా చక్కెర గొలుసులే. అయినా ఏడిస్తే ఉప్పన!

మీకు తెలుసా? మనలో మ్యూసిన్ జన్యువులు ఇరవై దాకా ఉన్నాయి. వాటి నుంచి తయారయ్యే మ్యూసిన్లలో కంటి మీద ముఖ్యంగా పనిచేసేవి నాలుగు. మక్1, మక్4, మక్16 కణాలను అంటిపెట్టుకునే ఉంటాయి. మక్5ఏసీ మాత్రం కన్నీట్లో తిరుగుతూ దుమ్మూధూళీ పోగేస్తుంది. పొద్దున్నే కంటి మూల తుడిచే పుసిలో దాని వాటా ఉంది. శుభోదయం!

మీకు తెలుసా? అండాశయ క్యాన్సర్ రోగుల రక్తంలో డాక్టర్లు కొలిచే సీఏ-125 ఈ మక్16లోదే! సీఏ-125 బయటపడింది 1981లో. రెండూ ఒకటేనని తేలింది 2001లో. ఇరవై ఏళ్ళు మారుపేరుతో తిరిగిందన్నమాట! కంగారొద్దు, కంటి మీద అది ఉండాల్సిందే.

మీకు తెలుసా? మక్5ఏసీ జన్యువు ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. కంటి మీద దాన్ని పనిలో పెట్టేది మాత్రం తెల్లగుడ్డు పైపొరలోని గోబ్లెట్ కణాలు. విటమిన్ ఎ కరువైతే ఆ కణాలే మాయం! మునగాకు కూర పక్కకు నెట్టేవాళ్ళు వింటున్నారా?

మీకు తెలుసా? ఆ గోబ్లెట్ కణాలకు కార్నియా మీద ప్రవేశం నిషిద్ధం! అక్కడ కనిపించాయా, సరిహద్దు కాసే మూలకణాలు దెబ్బతిన్నట్టే. ఆ దెబ్బకు చికిత్సగా హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2012లో 'స్లెట్' పద్ధతిని లోకానికి చెప్పారు. బాగున్న కంటి అంచు నుంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, తునకలు చేసి, జబ్బు కంటి మీద వరినాట్లలా నాటేస్తారు. కంట్లో వ్యవసాయం!

మీకు తెలుసా? మక్5ఏసీ కడుపులోనూ తయారవుతుంది. అక్కడ మ్యూసిన్ పెంచి పుండ్లు మాన్పే మందు రెబామిపైడ్. జపాన్ వాళ్ళు దాన్నే 2012లో పొడి కళ్ళకు చుక్కల మందుగా అమ్మకానికి పెట్టారు! అలాగని కడుపు మంటకు కంటి చుక్కలు తాగేరు సుమా!